ఎగరేసే ముందు మ్యాప్ చూడండి



మన హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల డ్రోన్ ఇప్పుడు అందరూ చూస్తున్నదే. పెళ్లి ఊరేగింపు మీద తిరుగుతోంది. రాజకీయ సభల మీద తిరుగుతోంది. వరిచేలో మందు కొడుతోంది. స్థలాలు అమ్మేవాళ్లు వెంచర్ వీడియోలు తీయిస్తున్నారు. కుర్రాళ్లు సరదాకి కొనుక్కుంటున్నారు. వీళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "డ్రోన్‌కి లైసెన్సు కావాలా అండీ?"

మంచి ప్రశ్నే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. "నేను ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాను?" ముందు ఇది అడగాలి. లైసెన్సు సంగతి తర్వాత.

ఎందుకంటే మన దేశంలో డ్రోన్ నిబంధనలు ముందు చోటును చూస్తాయి. అదే డ్రోన్. అదే మనిషి. అదే కెమెరా. ఇరవై కిలోమీటర్లు పక్కకి జరిగితే చాలు, ఒకచోట తప్పు కానిది ఇంకోచోట నేరం అవుతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. డ్రోన్‌ను పైకి లేపే ముందు మ్యాప్ చూడాలి. మనం నిలబడిన చోట ఆకాశానికి ఏ రంగు ఉందో చూడాలి.

ఆకాశానికి రంగేమిటి అంటారా? చెప్తాను.

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 25న డ్రోన్ నిబంధనలు తెచ్చింది. నెల రోజులకి, సెప్టెంబరు 24న, దేశం మొత్తానికీ ఒక ఆకాశ పటం విడుదల చేసింది. డిజిటల్ స్కై అనే వేదిక మీద పెట్టింది. అందులో ఆకాశాన్ని మూడు రంగులుగా విడగొట్టారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మన సెంటర్లో సిగ్నల్ లైట్లు ఎలాగో ఇవీ అలాగే. ఆకుపచ్చ అంటే వెళ్లొచ్చు. ఎరుపు అంటే ఆగాలి. పసుపు దగ్గర మాత్రం కొంచెం తేడా ఉంది. రోడ్డు మీద పసుపు పడితే మనవాళ్లు ఇంకా వేగం పెంచుతారు. ఆకాశంలో పసుపు అంటే, అడిగి, సరేనన్నాకే కదలాలి.

ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు దాకా, అంటే 120 మీటర్ల దాకా, ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఆ ఎత్తు దాటితే అక్కడా పసుపే. పసుపు ప్రాంతంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ల అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఎగరడానికే లేదు.

ఇప్పుడు మన రోడ్డు మీదికి వద్దాం.

గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర బయలుదేరామనుకోండి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద తూర్పుకి వస్తున్నాం. గన్నవరం దాటాం. అవుటపల్లి, ఆత్కూరు, తేలప్రోలు, వీరవల్లి, ఆ తర్వాత మన జంక్షన్. అటూ ఇటుగా ఇరవై కిలోమీటర్లు. బస్సులో అరగంట. ఈ అరగంటలో మన తల మీద ఆకాశం రంగులు మారుతూ వస్తుంది.

ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఉంటే, అక్కడ ఆకుపచ్చ అనేదే లేదు. నేల మీద నుంచే ఆంక్ష. ఒక్క అడుగు ఎత్తు లేపాలన్నా అడగాల్సిందే. ఎయిర్‌పోర్టుకి బాగా దగ్గరైతే అది ఎరుపే. గన్నవరం ఊరు, అవుటపల్లి ఈ లోపలి వలయంలోకి వస్తాయి. పెద్ద అవుటపల్లిలో జోసఫ్ తంబి పుణ్యక్షేత్రం మీకు తెలుసు. ఏటా ఉత్సవాలకి ఎంతమంది వస్తారో తెలుసు. ఆ జనాన్ని పై నుంచి తీస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ఊరి మీద ఆకాశం ఎయిర్‌పోర్టు వాళ్ల అదుపులో ఉంది. అక్కడ "చిన్న డ్రోనే కదా" అనే మాట చెల్లదు.

8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య కొంచెం వెసులుబాటు ఉంది. అక్కడ 200 అడుగుల దాకా ఆకుపచ్చ. అంటే 60 మీటర్లు. దాని పైన పసుపు. తేలప్రోలు ప్రాంతం సుమారుగా ఈ పట్టీలో పడుతుంది. విజయవాడ వైపు వెళ్తే ఎనికేపాడు దగ్గర కూడా దాదాపు ఇదే పరిస్థితి.

12 కిలోమీటర్లు దాటాక, వేరే ఆంక్ష ఏదీ లేకపోతే, 400 అడుగుల దాకా ఆకుపచ్చ. మన జంక్షన్ ఆ దూరానికి బయటే ఉంది. కాబట్టి ఎయిర్‌పోర్టు కారణంగా మనకి ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కిలోమీటర్లు రోడ్డు మీద రాళ్లు చూసి లెక్కపెట్టేవి కావు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి గాలిలో తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. రోడ్డు వంకర తిరిగి పదమూడు కిలోమీటర్లు వచ్చినా, తిన్నగా చూస్తే పదకొండే ఉండొచ్చు. నేను ఊళ్ల పేర్లు చెప్పింది మీకు అర్థం కావాలని. ఏ పొలం, ఏ డాబా, ఏ కల్యాణ మండపం ఏ రంగులో ఉందో నా మాట మీద తేల్చుకోవద్దు. మ్యాప్ మీద తేల్చుకోండి. ఫోన్లో తెరుచుకుంటుంది. మీ ఊరు వెతికితే రంగు కనిపిస్తుంది.

ఇంకో మాట. 2021కి ముందు పసుపు వలయం ఎయిర్‌పోర్టు నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉండేది. దాన్ని 12కి తగ్గించారు. ఆ 45 అలాగే ఉంటే మన జంక్షన్, గుడివాడ, నూజివీడు, ఏలూరు అన్నీ పసుపులోనే ఉండేవి. అంటే మనకి ఇచ్చిన స్వేచ్ఛ చిన్నది కాదు. అంత స్వేచ్ఛ ఇచ్చాక, మిగిలిన ఆ కొద్ది కిలోమీటర్ల దగ్గర పట్టుదలగా ఉండమనడం న్యాయమే అని నా అభిప్రాయం.

ఎందుకంత పట్టుదల అంటే, విమానం దిగే తీరు చూడండి.

విమానం రన్‌వే మీదికి వచ్చేటప్పుడు నిటారుగా దిగదు. దూరం నుంచే ఏటవాలుగా దిగుతూ వస్తుంది. కిలోమీటరుకి సుమారు 50 మీటర్ల చొప్పున ఎత్తు తగ్గుతుంది. రన్‌వే ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా విమానం సుమారు 100 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మన పెళ్లి డ్రోన్ 120 మీటర్లకి సునాయాసంగా వెళ్తుంది. అంటే దిగుతున్న విమానం కంటే మన డ్రోనే పైన ఉండొచ్చు. విమానంలో ప్రయాణికులు ఉంటారు. డ్రోన్‌లో లోహపు మోటార్లు, గట్టి బ్యాటరీ ఉంటాయి. పైలట్‌కి అంత చిన్న వస్తువు కనిపించేసరికి తప్పించుకునే వ్యవధి ఉండదు.

ఇది ఊహించి చెప్తున్న భయం కాదండి. అమెరికాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉండే కాలిఫోర్నియాలో జరిగింది చెప్తాను. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పెద్ద కార్చిచ్చు రేగింది. సముద్రంలో నీళ్లు ముంచుకుని మంటల మీద పోసే విమానాలు తిరుగుతున్నాయి. ఒకాయన మంటలు చూద్దామని ఒక పార్కింగ్ భవనం పైనుంచి చిన్న డ్రోన్ ఎగరేశాడు. అది రెండున్నర కిలోమీటర్ల దూరం వెళ్లింది. ఆయన కంటికి కనిపించడం మానేసింది. జనవరి 9న అది ఆ విమానాల్లో ఒకదాని రెక్కకి తగిలింది. రెక్కకి చిల్లు పడింది. అదృష్టం బాగుండి విమానం క్షేమంగా దిగింది. కానీ ఊరు తగలబడుతున్న రోజుల్లో మంటలార్పే విమానం ఒకటి మూలన పడింది. ఆయన తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టు సంగతి కూడా వినే ఉంటారు. 2018 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, రన్‌వే దగ్గర డ్రోన్లు కనిపించాయన్న సమాచారంతో విమానాలు ఆపేశారు. దాదాపు వెయ్యి విమానాల రాకపోకలు దెబ్బతిన్నాయి. సుమారు లక్షా నలభై వేల మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. డ్రోన్ తగలక్కర్లేదు. ఉందన్న అనుమానం చాలు, రన్‌వే మూసేయాలి.

ఇవి తలుచుకున్నప్పుడు నాకు మన బుడమేరు వరద గుర్తుకొస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో మునిగింది. మేడల మీద జనం. కింద పడవ వెళ్లలేని సందులు. అప్పుడు డ్రోన్లతో ఆహారం, మంచినీళ్లు, మందులు అందించారు. మన రాష్ట్రంలో డ్రోన్ అనే వస్తువు మీద జనానికి గౌరవం పుట్టింది ఆ రోజుల్లోనే అనుకుంటాను. అదే ఆకాశంలో హెలికాప్టర్లు కూడా తిరిగాయి. అవీ ఆహారమే జారవిడిచాయి. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో ఎగురుతుంది. అలాంటి వేళ ఎవరో ఒకరు వీడియో కోసం సొంత డ్రోన్ లేపితే ఏమవుతుందో ఆలోచించండి. హెలికాప్టర్ వెనక్కి వెళ్లాలి. మేడ మీద పసిబిడ్డతో ఎదురుచూస్తున్న తల్లికి పాల ప్యాకెట్ అందదు. అందుకే నిబంధనల్లో ఒక మాట గట్టిగా రాశారు. మనుషులున్న విమానానికి, హెలికాప్టర్‌కి డ్రోన్ ఎప్పుడూ దారి ఇవ్వాలి. ఎప్పుడూ.

వరదలు, మంటలు, పెద్ద ప్రమాదాలు జరిగిన చోట డ్రోన్ లేపొద్దు. అధికారులు రమ్మని అడిగితే తప్ప. మ్యాప్ ఆకుపచ్చగా ఉన్నా సరే.

ఇక రంగు మారిపోయే సందర్భం ఒకటుంది. ఇది చాలామందికి తెలియదు.

నిన్న ఆకుపచ్చగా ఉన్న చోటు ఈ రోజు ఎరుపు కావచ్చు. ముఖ్యమైన నాయకుల పర్యటన ఉన్నప్పుడు, ఉద్రిక్తత ఉన్నప్పుడు, పెద్ద ఉత్సవాల వేళ, ఫలానా ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపుగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, పోలీసులకీ ఉంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ప్రకటించాలి. ఒక విడతకి 96 గంటలు మించకూడదు. అంటే నాలుగు రోజులు. రాజధాని పక్కనే ఉన్నవాళ్లం మనం. విజయవాడ, తాడేపల్లి, అమరావతి వైపు ఇలాంటివి తరచూ వస్తాయి. కాబట్టి పోయిన నెల చూశాం కదా అని ఊరుకోవద్దు. ఎగరేసే రోజున చూడండి. ఎగరేసే గంటకి ముందు మళ్లీ చూడండి.

అన్ని ఎరుపులూ ఎయిర్‌పోర్టు వల్ల వచ్చేవి కావు. విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళం అధీనంలో ఉంది. నగరంలో నౌకాదళ స్థావరాలున్నాయి. ఆర్కే బీచ్‌లో నిలబడి సరదాగా డ్రోన్ తీయడం సరదాతో పోదు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి మనవాళ్లు ఆదివారాలు వెళ్తుంటారు. ఆ పక్కనే వైమానిక దళం కేంద్రం ఉంది. తిరుమల కొండ మీద డ్రోన్ నిషిద్ధం. మన కొల్లేరు అభయారణ్యం. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకునే కాలంలో వాటి మీదికి డ్రోన్ తీసుకెళ్తే తల్లిపక్షులు చెదిరిపోతాయి. గూట్లో పిల్లలు ఎండకి, గద్దలకి దొరికిపోతాయి. అక్కడ అటవీశాఖను అడగకుండా ఎగరేయకూడదు. చట్టం అలా ఉంచితే, ఆ పక్షుల గోల విన్నవాళ్లెవరికీ ఆ పని చేయబుద్ధి కాదు.

మళ్లీ చెప్తున్నాను. ముందు చోటు. మ్యాప్ చూడాలి. రంగు తెలియాలి.

రంగు తెలిశాక మిగతా రెండు ప్రశ్నలు వస్తాయి. డ్రోన్ బరువెంత? ఎగరేసేది సరదాకా, సంపాదనకా?

బరువు అంటే పెట్టె మీద రాసిన బరువు కాదు. ఎగిరేటప్పుడు మొత్తం బరువు. బ్యాటరీ, కెమెరా, ట్యాంకులో మందు, అన్నీ కలిపి. 250 గ్రాముల లోపైతే నానో అంటారు. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. 2 నుంచి 25 కిలోల దాకా స్మాల్. ఆపై మీడియం, లార్జ్ ఉన్నాయి, అవి మనకి అంతగా తగలవు.

నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకి కూడా, సంపాదన కోసం కాకుండా సరదాకి ఎగరేస్తే అక్కర్లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. బరువు తగ్గితే సర్టిఫికెట్ తప్పుతుంది. రంగు తప్పదు. 200 గ్రాముల డ్రోనైనా ఎరుపులో ఎరుపే.

ఇప్పుడు మన ఫొటోగ్రాఫర్ తమ్ముళ్ల దగ్గరికి వద్దాం. మీ డ్రోన్ కిలో లోపే ఉంటుంది. మైక్రో కిందికి వస్తుంది. కానీ మీరు పెళ్లివారి దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. కాబట్టి అది సరదా కాదు. పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఇది ఎక్కడో ఢిల్లీ వెళ్లి తెచ్చుకోవాల్సింది కాదు. పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో నేర్చుకుని, పరీక్ష పాసైతే ఇస్తారు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. పదో తరగతి పాసై ఉండాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ఇంతకుముందు పాస్‌పోర్టు అడిగేవారు. మన పల్లెటూరి కుర్రాళ్లకి అదే పెద్ద అడ్డంకి అయ్యేది. 2023 సెప్టెంబరులో ఆ షరతు తీసేశారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి సరిపోతాయి.

రెండోది రిజిస్ట్రేషన్ నంబరు. బండికి నంబరు ఉన్నట్టే డ్రోన్‌కీ ఒక నంబరు ఇస్తారు. ఆన్‌లైన్‌లోనే. ఫీజు 100 రూపాయలు. మూడోది ఇన్సూరెన్సు. నానోకి తప్ప మిగతా వాటికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఊరేగింపులో డ్రోన్ పడి ఒక పెద్దాయన తల పగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇన్సూరెన్సు ఉన్నది అందుకు. అలాంటి ప్రమాదం జరిగితే 48 గంటల్లోపు ఆన్‌లైన్‌లో డీజీసీఏకి తెలియజేయాలి కూడా.

ఇక్కడ బయటి దేశాల్లో ఉన్న మన పిల్లల గురించి ఒక మాట. డల్లాస్ నుంచో దుబాయ్ నుంచో వచ్చేటప్పుడు బావగారి కోసం డ్రోన్ తెస్తామంటారు. ప్రేమతోనే అంటారు. వద్దని చెప్పండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి నిషేధంలో ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రమే మినహాయింపు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోతుంది. ఒకవేళ ఇంటిదాకా వచ్చినా, టైప్ సర్టిఫికెట్ అనే ఆమోదం లేని మోడల్‌కి ఇక్కడ నంబరు రాదు. నానో దాటిన డ్రోన్ కొనాలనుకుంటే, దుకాణంలో అడగాల్సిన మొదటి మాట ధర కాదు. "దీనికి టైప్ సర్టిఫికెట్ ఉందా? నంబరు వస్తుందా?"

రైతు సోదరులకి వేరే చెప్పాలి. ఎందుకంటే మీ సంగతి కొంచెం పెద్దది.

మందు కొట్టే డ్రోన్‌లో సాధారణంగా పది లీటర్ల ట్యాంకు ఉంటుంది. నిండు ట్యాంకుతో లేస్తే అది 2 కిలోలు ఎప్పుడో దాటేసి స్మాల్ తరగతిలో ఉంటుంది. దీనికి సరదా మినహాయింపు లేదు. సొంత చేలో కొట్టుకున్నా నడిపేవాడికి సర్టిఫికెట్ కావాల్సిందే. గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతులకి, గ్రామీణ యువతకి ఈ శిక్షణ ఇస్తోంది. డ్వాక్రా అక్కలకి నమో డ్రోన్ దీదీ పథకం ఉంది. దేశం మొత్తం మీద 15 వేల మహిళా సంఘాలకి డ్రోన్లివ్వాలని 2023లో మొదలుపెట్టారు. ధరలో 80 శాతం, 8 లక్షల రూపాయలకి మించకుండా, కేంద్రం భరిస్తుంది. మన ప్రాంతంలో సంఘాలు బలంగా ఉన్నాయి. ఈ అవకాశాన్ని వదులుకోకూడదు.

అయితే మన డెల్టాలో ఒక కష్టం ఉంది. వరిచేను పక్కనే రొయ్యల చెరువు. గట్టు ఒక్కటే అడ్డం. డ్రోన్ కొట్టే తుంపర చాలా సన్నగా ఉంటుంది. గాలి ఉంటే గట్టు దాటుతుంది. పురుగుమందులు, ముఖ్యంగా పైరెథ్రాయిడ్ రకాలు, రొయ్యకి విషం. పురుగూ రొయ్యా జీవశాస్త్రం ప్రకారం దగ్గరి జాతులే. చేలో పురుగుని చంపేది చెరువులో రొయ్యనీ చంపుతుంది. మ్యాప్‌లో ఆకుపచ్చ ఉంది, పైలట్‌కి సర్టిఫికెట్ ఉంది, మందు మంచిదే. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా పక్క రైతు లక్షలు పోగొట్టుకోవచ్చు. కాబట్టి మందు కొట్టే ముందు రోజే పక్క చెరువు రైతుకి చెప్పండి. గాలి చెరువు వైపు ఉంటే ఆ పూట ఆపేయండి. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు పెట్టుకోండి. గట్టు వెంబడి కొంత మేర వదిలేసి, అక్కడ చేతి పంపుతో కొట్టుకోండి. గట్టు తగాదాలు మన ఊళ్లలో తరాలు నడుస్తాయి. డ్రోన్ వల్ల కొత్తవి రాకూడదు.

మరొకటి చెప్పకుండా ఉండలేను. ఇది ఇళ్ల మధ్య ఎగరేసేవాళ్లకి. డాబా మీద ఆడపిల్ల తలారబోసుకుంటూ ఉంటుంది. పెరట్లో ఒకావిడ స్నానానికి నీళ్లు తోడుకుంటూ ఉంటుంది. ఆకాశం ఆకుపచ్చగా ఉందంటే వాళ్ల ఇంట్లోకి తొంగిచూడమని కాదు. స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. జైలు శిక్ష ఉంటుంది. అది చెట్టెక్కి చూసినా అంతే, డ్రోన్‌తో చూసినా అంతే. ఇళ్ల మధ్య ఎగరేయాల్సి వస్తే ముందు వీధిలో నాలుగిళ్లకి చెప్పండి. కెమెరా ఊరేగింపు మీదే ఉంచండి.

నిబంధన మీరితే ఏమవుతుంది? డ్రోన్ నిబంధనల కింద లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మనుషుల ప్రాణాలకి ముప్పు తెస్తే పోలీసు కేసు వేరే. 2025 సెప్టెంబరులో కేంద్రం డ్రోన్ల మీద విడిగా ఒక చట్టం తేవడానికి బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అందులో జైలు శిక్ష దాకా ఉంది. అంటే ఆకాశం సంగతి ముందు ముందు ఇంకా గట్టిగానే చూస్తారు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదండి. 2024 అక్టోబరు 22 రాత్రి విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచాయి. మంగళగిరిలో జరిగిన అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా పెట్టిన ప్రదర్శన అది. అయిదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. ఒడ్డున నిలబడి ఆ వెలుగులు చూసిన పిల్లల్లో ఎంతమందికి డ్రోన్ల మీద మనసుపోయిందో. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో డ్రోన్ సిటీ కడుతున్నారు. ఈ రంగంలో మన కుర్రాళ్లకి బతుకుతెరువు ఉంది. ఎవరో ఒకరు గన్నవరం రన్‌వే దగ్గర చేసిన అజాగ్రత్త పని వల్ల అందరి చేతుల్లోంచి డ్రోన్లు లాక్కునే రోజు రాకూడదన్నదే నా తాపత్రయం. అప్పుడు 12 కిలోమీటర్లు మళ్లీ 45 కావడానికి ఎంతసేపు?

కాబట్టి ఎగరేసేవాళ్లకి ఒక మాట, ఎగరేయించేవాళ్లకి ఒక మాట చెప్పి సెలవు తీసుకుంటాను.

ఎగరేసేవాళ్లు: మ్యాప్ తెరవండి. చోటు రంగు చూడండి. ఆకుపచ్చ అయితే ఎత్తు చూసుకోండి, 400 అడుగులా, 200 అడుగులా అని. పసుపు అయితే ముందుగా దరఖాస్తు పెట్టుకోండి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఎరుపు అయితే డ్రోన్‌ను సంచిలోంచి తీయొద్దు. కంటికి కనిపించే దూరం దాటనివ్వొద్దు. విమానం చప్పుడు గానీ హెలికాప్టర్ చప్పుడు గానీ వినపడితే వెంటనే కిందికి దించండి.

ఎగరేయించేవాళ్లు, అంటే పెళ్లి పెద్దలు, ఉత్సవ కమిటీలు, సభలు పెట్టేవాళ్లు: మీ చేతిలోనే ఎక్కువ ఉంది. ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇచ్చే రోజునే మూడు అడగండి. మా మండపం ఏ రంగులో ఉంది? నీ పైలట్ సర్టిఫికెట్ ఏది? డ్రోన్ నంబరు, ఇన్సూరెన్సు ఏవి? చూపిస్తే సంతోషం. చూపించలేకపోతే డ్రోన్ లేకుండానే వీడియో తీయమనండి. అడ్వాన్సు చేతులు మారాక అడగడం కష్టం. ముందే అడగండి.